మాడుగులపల్లికి బొమ్మలు రాకూడదా?

"మాడుగులపల్లిలో బొమ్మలు పెడితే ఎవరు చూస్తారండీ?" అన్నారొక పెద్దమనిషి. ఆయన చెడ్డవారు కారు. కళలంటే అభిమానమున్నవారు. మన సభలకు వచ్చి ముందువరసలో కూర్చునేవారు. చందా అడిగితే లేదనేవారు కారు. ఆ మాట ఆయన ఎగతాళిగా అనలేదు, జాలిపడి అన్నారు. ఎగతాళికి జవాబు చెప్పటం సులభం. జాలికి జవాబు చెప్పాలంటే నాలుగు పేజీలు కావాలి. అందుకే యీ వ్యాసం.

మాడుగులపల్లి ఎక్కడున్నదో తెలియని పాఠకులకోసం రెండు మాటలు. నల్లగొండనుంచి మిర్యాలగూడ పోయే దారిలో, నార్కెట్‌పల్లి - అద్దంకి రహదారిమీద ఉన్న వూరది. 2016లో జిల్లాలను విడదీసినప్పుడు మండలకేంద్రమయింది. కార్లలో పోయేవారికి అక్కడి టోల్‌గేటు తెలుసు, వూరు తెలియదు. కోతల రోజుల్లో ధాన్యం ట్రాక్టర్లు ఆ దారినే మిర్యాలగూడ మిల్లులకు బారులు తీరి పోతాయి. ఆ వూరినే ఎందుకు పట్టుకున్నావంటే నాదగ్గర గొప్ప కారణమేమీ లేదు. బస్సు ఆగే వూరేదైనా సరిపోతుంది. ఆ పెద్దమనిషి నోట వచ్చిన పేరు అది, అంతే.

"ఎవరు చూస్తారు" అనేది చూడటానికి ప్రశ్నలాగే వున్నా, నిజానికది ఒక తీర్పు. సమకాలీన చిత్రకళ, అంటే ఇప్పుడు బతికున్న చిత్రకారులు ఇప్పుడు గీస్తున్న బొమ్మలు, పల్లెటూరివాడికి అర్థం కావు, అక్కరలేదు, అతనికి జానపదకళ వుంది, అది చాలు అని ఆ తీర్పు సారాంశం. యీ తీర్పునిచ్చినవారిలో ఎంతమంది యీ బొమ్మలను పల్లెటూళ్ళో ఒక్కసారైనా గోడకు తగిలించి చూశారు? తగిలించి చూడకుండా యిచ్చిన తీర్పు చెల్లుతుందా?

బొమ్మలెక్కడున్నాయో చూద్దాం. హైదరాబాదులో, మాదాపురం కావూరి హిల్స్‌లో ప్రభుత్వ చిత్రశాల వున్నది. రవీంద్రభారతి ఆవరణలో ఒక గ్యాలరీ వున్నది. బంజారాహిల్స్‌లో లామకాన్ వున్నది. లామకాన్ గురించి ఒక మంచిమాట చెప్పకుండా ముందుకు పోవటం అన్యాయం. ఒక కుటుంబం తమ యింటిని 2010లో అందరి వాడకానికీ విడిచిపెడితే అది కళాకేంద్రమయింది. లోపలికి పోవటానికి టిక్కెట్టు లేదు. చాయ్ తాగుతూ బొమ్మ చూడవచ్చు, నాటకం చూడవచ్చు, పోట్లాడుకోవచ్చు. సమాజం నడుపుకొనే కళాకేంద్రమంటే ఎట్లా వుంటుందో అది చూసి నేర్చుకోవలసిందే. 'లామకాన్' అంటే ఉర్దూలో స్థలమంటూ లేనిదని అర్థం. ఆ స్థలంలేనిదానికి కూడా చిరునామా బంజారాహిల్స్ కావలసివచ్చింది! తప్పు ఆ యింటివారిది కాదు. అటువంటి యిల్లు మిర్యాలగూడలో ఎందుకు లేదని ఎవరమూ అడగలేదు, తప్పు మనది.

ఇక ఆ గోడలమీద వేలాడేదేమిటి? పల్లెటూరు! పి. టి. రెడ్డి కరీంనగర్ జిల్లా అన్నవరంలో పుట్టాడు. లక్ష్మాగౌడ్ మెదక్ జిల్లా నిజాంపూర్‌లో, వైకుంఠం కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. లక్ష్మాగౌడ్ గీతల్లో మేకలూ చెట్లూ మనుషులూ కామమూ కలగలిసిన పల్లె వున్నది. వైకుంఠం బొమ్మల్లో నిండుబొట్టు పెట్టుకున్న తెలంగాణ స్త్రీ వున్నది. ఆ స్త్రీ యిప్పుడు కోటీశ్వరుల హాళ్ళలో, పెద్ద హోటళ్ళ వసారాల్లో కూర్చుని వచ్చేపోయేవారిని చూస్తుంది. తనను పోలిన ఆడకూతుళ్ళు నాట్లువేసే వూళ్ళకు మాత్రం ఆమె రాదు. చిత్రకారులను నిందించటంలేదు. వారు గీశారు, కొన్నవాడు తీసుకుపోయాడు. సంతలో సరుకు డబ్బున్న దిక్కుకు పోతుంది. పల్లె బొమ్మయి పట్నం చేరింది, తిరుగుబండి లేదు. కాపు రాజయ్య ఒక్కడు సిద్దిపేటలోనే వుండి, అక్కడే బొమ్మలు గీసి, అక్కడే లలితకళాసమితి పెట్టి, 2012లో చనిపోయేదాకా ఆ వూరివాడుగానే మిగిలాడు. ఆయన్ను మనం సన్మానించాం, ఆ దారిన మాత్రం పోలేదు.

ప్రభుత్వాల సంగతి చెప్పనే అక్కరలేదు. ఉమ్మడి రాష్ట్రంలో ఒక లలితకళా అకాడమీ వుండేది. 1983లో ఎన్. టి. రామారావు ప్రభుత్వం సాహిత్య, సంగీతనాటక అకాడమీలతోపాటు దాన్నీ రద్దుచేసింది. సాహిత్య అకాడమీ పోయిందని రచయితలు చాలాకాలం బాధపడ్డారు, నేనూ బాధపడ్డవాణ్ణే. లలితకళా అకాడమీ పోయిందని కన్నీరు పెట్టిన రచయితను నేను చూడలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. అర్థంకాదా?

ఎం. ఎఫ్. హుసేన్ తన జీవితంలో చాలాసార్లు చెప్పుకున్న సంగతి ఒకటున్నది. టాటాబిర్లాల హాళ్ళకు బొమ్మలు గీసుకుంటూ ఎంతకాలముంటావు, యీ దేశంలో కోట్లమంది ఎరిగిన రామాయణం గీయకూడదా అన్నాడట అతనితో రామమనోహర్ లోహియా. లోహియా 1967లో చనిపోయాడు. హుసేన్ మాట నిలబెట్టుకున్నాడు. హైదరాబాదులో బద్రీవిశాల్ పిత్తి అండన ఏళ్ళతరబడి, నూరు దాటిన సంఖ్యలో రామాయణ చిత్రాలు గీశాడు. వాటిని ఎడ్లబండిమీద హైదరాబాదు చుట్టుపక్కల పల్లెకు తీసుకుపోయి పరిచారు. జనం వచ్చారు, చూశారు. పట్నంలోనైతే కన్నేది, ముక్కేది, యితడు రాముడెట్లా అయ్యాడు అని అడుగుతారు, అక్కడ ఎవ్వరూ అట్లా అడగలేదు అన్నాడు హుసేన్. అదే హుసేన్‌మీద తర్వాత పట్నాల్లో కేసులు పెట్టారు, ప్రదర్శనలు పగలగొట్టారు. 2006లో దేశం విడిచిపోయి, 2010లో ఖతార్ పౌరుడై, 2011లో లండన్‌లో చనిపోయాడు. అతన్ని తరిమినవారిలో ఎడ్లబండి చుట్టూ మూగినవారు లేరు.

ఇది హుసేన్ చెప్పుకున్న కథ, తన బొమ్మలను తాను మెచ్చుకున్న కథ అనవచ్చు. అనండి. ఇంకొక ఆక్షేపణ కూడా వుంది, అది గట్టిది. రామాయణం వారికి ముందే తెలుసు. పది తలలు కనబడగానే రావణుడని గుర్తుపడతారు, ముక్కు ఎట్లా గీస్తేనేం? కథ లేని బొమ్మ, ఒట్టి రంగులూ గీతలూ వున్న బొమ్మ పెడితే ఏం చేస్తారు?

దీనికి జవాబు పుట్టపాకలో వుంది. పాత నల్లగొండ జిల్లాలోనే వున్న నేతగాళ్ళ వూరది. అక్కడ తేలియా రుమాలు నేస్తారు. నూలును ఆముదంలోనూ బూడిదనీళ్ళలోనూ నానబెట్టి, ఆసుపోసి, పోగులు లెక్కపెట్టి, రంగు అంటకూడనిచోట దారం బిగించి కట్టి, రంగులో ముంచి, కట్లు విప్పి, మళ్ళీ కట్టి మళ్ళీ ముంచి, ఆ తర్వాతగాని మగ్గమెక్కించరు. మగ్గంమీద పడుగూ పేకా కలిసినప్పుడు ఎర్రని, నల్లని, తెల్లని చదరాలూ త్రికోణాలూ మెట్లూ తేలుతాయి. ఆ చదరాలకు కథ వుందా? అవి దేనికైనా పోలికా? ఏమీ కాదు. చదరం పక్కన చదరం ఎట్లా వుంటే కంటికి నిండుగా వుంటుందో ఆ లెక్క, అంతే. ఆ లెక్కను పటం గీయకముందే మనసులో చూడగలవాడు ఆ నేతగాడు. అంచు దగ్గర ఒక్క పోగు జరిగితే పది అడుగుల దూరంనుంచి పసిగట్టేది అతని యిల్లాలు. తెల్లవారుజామున చుక్కలు పెట్టి, గీత ఎత్తకుండా వాటిచుట్టూ మెలిక ముగ్గు తిప్పే ఆడమనిషికి గీత అంటే ఏమిటో చెప్పబోయే విమర్శకుడెవరు? నైరూప్యం అర్థంకాదట! వారు దాన్ని కట్టుకుంటారు, తలకు చుట్టుకుంటారు, వాకిట్లో వేసి తొక్కుతారు. కళాశాలలో మనం చదువుకున్న పారిభాషికపదం వారికి తెలియకపోవచ్చు. తెలియనిది పదం, వస్తువు కాదు.

జానపదకళ వుంది చాలునంటారే, దాని సంగతీ చూద్దాం. చేర్యాల నకాషీ పటాలను ఉదాహరిస్తారు. మూడడుగుల వెడల్పు, యాభైఅరవై అడుగుల పొడవు వుండే గుడ్డపటం. పద్మశాలీలకు మార్కండేయపురాణం చెప్పేవారు కూనపులివారు. మాదిగలకు జాంబపురాణం చెప్పేవారు డక్కలివారు. ఒక్కొక్క కులానికి ఒక్కొక్క పటం, ఒక్కొక్క కథకుడు. చీకటిపడ్డాక దీపం పెట్టి, పటం విప్పుకుంటూ కర్రతో చూపిస్తూ రాత్రుళ్ళు కథ చెప్పేవారు. అది ప్రదర్శన కాదా? వూరి నడుమ, ప్రవేశరుసుము లేకుండా, చిత్రాన్ని వివరించే మనిషితో సహా నడిచిన ప్రదర్శన అది. పైగా పటం తప్పుంటే, కథ తప్పుంటే, ఆ కులపెద్దలు వూరుకునేవారు కారు. ప్రేక్షకుడికి తీర్పుచెప్పే హక్కు వుండేది. ఇప్పుడు ఆ నకాషీ పట్నంవారికోసం మాస్కులమీద, ట్రేలమీద, తాళంచెవుల గుత్తులమీద వేస్తారు, భౌగోళిక గుర్తింపు ముద్ర కూడా వచ్చింది. పల్లెకు జానపదకళ చాలునన్నవారే దాన్ని పట్నానికి మోసుకుపోయారన్నమాట. పల్లెకు మిగిలిందేమిటి? రాజకీయనాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు.

తీర్పుచెప్పే హక్కు అన్నాను. నా వాదానికి ప్రాణం అదే. 2024 డిసెంబరు 9న హైదరాబాదు సచివాలయంలో కొత్త తెలంగాణతల్లి విగ్రహం ఆవిష్కరించారు. కిరీటం పోయింది, బతుకమ్మ పోయింది, ఆకుపచ్చ చీర వచ్చింది, చేతిలో కంకులు వచ్చాయి. ఆ రోజుల్లో మీరు ఏ హోటలు బల్ల దగ్గరైనా కూర్చున్నారా? కిరీటమున్నామె దొరసాని అన్నవాళ్ళూ, కిరీటం లేకపోతే తల్లి ఎట్లా అవుతుందన్నవాళ్ళూ, బతుకమ్మను తీసేసిన చేయి వూరికే వుందన్నవాళ్ళూ! పార్టీ పక్షపాతాలున్నాయి నిజమే. కాని వాళ్ళు వాదించింది రూపం గురించి. ఒక బొమ్మలో చేయి ఎక్కడుండాలి, ఆ చేయి ఏం చెబుతుంది అనే విషయం గురించి లక్షలమంది వాదించారు. ఇంతకన్నా చిత్రకళావిమర్శ అంటే ఏమిటి? విమర్శ మనవాళ్ళకు చేతకాకపోవటం కాదు. విమర్శించటానికి వాళ్ళకు దొరికే బొమ్మలు విగ్రహాలూ ఫ్లెక్సీలూ మాత్రమే, చిక్కు అక్కడున్నది.

ఇక మన యిల్లు చక్కబెట్టుకుందాం. యీ పత్రిక చదివేవారిలో చాలామంది అభ్యుదయవాదులు. పట్నపు ధనికుడు పల్లెకు బొమ్మలక్కరలేదంటే మనకు కోపం వస్తుంది. ఆ మాటే మనం వేరే మాటల్లో అనలేదా? రూపవాదం అన్నాం. బూర్జువా వికారం అన్నాం. కార్మికుడికి అర్థంకానిది కార్మికుడికి శత్రువన్నాం. అప్పుడు కూడా కార్మికుణ్ణి అడిగినవాడు లేడు, అతని తరఫున మనమే అర్థంచేసుకోకుండా వూరుకున్నాం.

దీనికి పెద్ద దృష్టాంతమే వుంది. 1962 డిసెంబరులో మాస్కో మానెజ్ హాలులో ప్రదర్శన చూడటానికి వచ్చిన కృశ్చేవ్ కొత్త చిత్రకారుల బొమ్మలముందు నిలబడి బూతులు తిట్టాడు. ఎర్న్‌స్ట్ నెయిజ్‌వెస్త్నీ అనే శిల్పి ఎదురు నిలబడి వాదించాడు. తర్వాత ఏళ్ళతరబడి సోవియట్ చిత్రకళలో కొత్తదనానికి తలుపులు మూసుకున్నాయి. కృశ్చేవ్ 1971లో చనిపోయాడు. అతని సమాధికి శిల్పం ఎవరు చేయాలని కుటుంబంవారు ఆలోచించి, నెయిజ్‌వెస్త్నీనే అడిగారు. ఆయన చేశాడు. నల్లరాయీ తెల్లరాయీ ఒకదానిలో ఒకటి కరుచుకున్న ఆ సమాధి యిప్పటికీ నోవోదేవిచి శ్మశానంలో వుంది. తిట్టినవాడి తలకాయ ఆ నైరూప్యపు రాళ్ళ మధ్య కూర్చుని వుంది. ఇది చదివి నవ్వుకోవటం తేలిక, మనవాళ్ళు ఆ తిట్లను తెలుగులోకి దించుకున్నారని ఒప్పుకోవటమే కష్టం.

అదే రష్యాలో, విప్లవానికి ఎంతోముందు, 1870లో కొందరు చిత్రకారులు అకాడమీని ధిక్కరించి సంచారప్రదర్శనల సంఘం పెట్టుకున్నారు. రేపిన్, క్రమ్‌స్కోయ్ వంటివారి బొమ్మలను పెట్టెల్లో పెట్టి కీవ్‌కూ, ఖార్కోవ్‌కూ, ఒడెస్సాకూ తిప్పారు. వూరికే కాదు, టిక్కెట్టు పెట్టి. టిక్కెట్టు కొన్నవాడికి నచ్చలేదనే హక్కు వుంటుంది. వారిని మనం మెచ్చుకుంటాం, వ్యాసాల్లో ఉదాహరిస్తాం. మరి మన సభల్లో మనం చేసేదేమిటి? వేదికమీద పన్నెండుమంది వక్తలు. చిత్రప్రదర్శన ఎక్కడ? పుస్తకాల దుకాణం వెనక, భోజనాల పందిరికి పోయే దారిలో, తాడుకు క్లిప్పులతో తగిలించిన మహాకవుల ముఖాలు. చిత్రకారుణ్ణి వేదికమీదికి పిలిచేది వెనక గుడ్డ గీయటానికి. కవిని అడిగినట్టు అతన్ని నీ రచనలో వస్తువేమిటి, శిల్పమేమిటి అని అడిగామా? మనకు బొమ్మ అంటే నినాదానికి అంచు. అంచుగా వుండనన్న బొమ్మను రూపవాదమన్నాం.

"ముందు నీళ్ళు, తర్వాత బొమ్మలు" అనే వాదం కూడా వుంది. దీన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. ఫ్లోరైడు నీళ్ళు తాగి ఎముకలు వంకరపోయిన మనుషులున్న జిల్లా యిది. కాని యీ వాదం చేసేవారు సినిమాహాళ్ళ విషయంలో, గుళ్ళ విషయంలో, టోల్‌గేట్ల విషయంలో ఎందుకు చేయరో నాకు తెలియదు. బొమ్మల దగ్గరికి వచ్చేసరికే ఖజానా ఖాళీ అవుతుంది.

నీళ్ళంటే గుర్తొచ్చింది. నాగార్జునసాగర్ ఎడమకాలువ యీ ప్రాంతానికి వరి యిచ్చింది. ఆ నీళ్ళకింద ఒక నగరం మునిగింది. 1955 డిసెంబరులో ఆనకట్టకు పునాది వేశారు. మునిగిపోయేలోగా, 1954నుంచి 1960దాకా, నాగార్జునకొండ లోయను తవ్వి, విజయపురిలోని స్తూపాలనూ విహారాలనూ ఎంచుకుని, రాయిరాయికీ గుర్తువేసి, కొండమీదా అనుపు దగ్గరా తిరిగి కట్టారు. టన్నులకొద్దీ రాయిని కదిలించగలిగిన దేశం యిది. అంతెందుకు, మన సూర్యాపేట జిల్లా ఫణిగిరి శిల్పాలు 2023లో సముద్రాలు దాటి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో నాలుగు నెలలు ప్రదర్శనలో నిలబడ్డాయి. మంచిదే, వెళ్ళవలసినవే. పదిహేడువందల ఏళ్ళనాటి సున్నపురాయి న్యూయార్క్‌కు వెళ్ళి రాగలిగింది. నిరుడు గీసిన కాన్వాసు మాదాపురంనుంచి మాడుగులపల్లికి రాలేదంటే దారి లేక కాదు.

చోటు లేదంటారేమో! 2020లో రాష్ట్రమంతటా 2,601 రైతువేదికలు కట్టారు, ఒక్కొక్కదానికి సుమారు 22 లక్షల రూపాయలతో. ఐదువేల ఎకరాలకొకటి. పైకప్పు వుంది, గోడలున్నాయి, కరెంటుంది. ఎరువుల సమావేశం లేని రోజుల్లో తాళం వుంటుంది. అందరి డబ్బుతో కట్టిన ఆ గోడలమీద బొమ్మ తగిలించటానికి మేకు కొట్టుకోనివ్వమని ఏ రచయితల సంఘమైనా ఒక్క అర్జీ పెట్టిందా?

నేనడిగేది జాతర కాదు. మంత్రి రిబ్బను కత్తిరించనక్కరలేదు. ప్రతులు వద్దు, అసలు బొమ్మలే రావాలి. అచ్చువేసిన కాగితం చూపించి పల్లెవాడికి చిత్రకళ తెలియదనటం మోసం. చిత్రకారుడు మూడు రోజులూ అక్కడే వుండాలి, బొమ్మ పక్కనే స్టూలువేసుకుని కూర్చోవాలి. వచ్చినవారు యిదేమిటని అడుగుతారు, సమాధానం చెప్పాలి. ఇందులో ఏముంది, మా పిల్లాడు గీస్తాడంటారు, పడాలి. కొందరు వచ్చి ఒక నిమిషం చూసి బీడీ వెలిగించుకుని పోతారు, దానికీ బాధపడకూడదు. కొన్ని బొమ్మలు అక్కడ తేలిపోతాయి. మాదాపురంలో వైన్‌గ్లాసుల మధ్య గంభీరంగా కనిపించినది వడ్లబస్తాల పక్కన పేలవంగా కనిపించవచ్చు. తప్పు వడ్లబస్తాలదని మాత్రం అనవద్దు. కేరళలో రాడికల్ చిత్రకారుల బృందం 1989లో త్రిశూర్ జిల్లా ఆలప్పాడ్‌లో శిబిరం పెట్టి యిటువంటి పనికే దిగింది. ఆ ఏడాదే వారి నాయకుడు కె. పి. కృష్ణకుమార్ ఆత్మహత్య చేసుకోవటంతో బృందం చెదిరింది. ఆ పని తేలికకాదని చెప్పటానికే యిది రాస్తున్నాను, వద్దని చెప్పటానికి కాదు.

వానాకాలం నాట్లు ముగిసి, కలుపులు ఒక పూటకు తగ్గేవేళ ఆగస్టు చివర్లో వస్తుంది. అప్పుడైతే జనానికి కొంచెం తీరిక. ఇరవై బొమ్మలు, ముగ్గురు చిత్రకారులు, ఒక డీసీఎం వ్యాను, మూడు రోజుల భోజనఖర్చు. లెక్క వేసి చూశాను, మన సభలో ఒక పూట పందిరికయ్యే ఖర్చుకన్నా తక్కువే. ఆ పెద్దమనిషిగారి దగ్గరికి రేపు పోతున్నాను. చందా అడిగితే లేదనేవారు కారని ముందే రాశాను.